ముల్లు నిలిచేదాకా

రాయదుర్గం మెట్రో దిగి
నాలుగో గేటు, పదకొండో అంతస్తు.
ఏసీ గాలికి వేళ్ళు కొంకర్లు పోయే మూలలో
నా బల్ల.
ఇక్కడ నేను రాసేది
మనుషులు చదవరు.

జబీన్ ఒక పనిముట్టు తయారు చేసింది.
షేర్లు కొనే యంత్రాలు
తామిచ్చిన ఆర్డరు ఏమైందో దాన్ని అడగాలి.
నెరవేరిందా, సగమే నెరవేరిందా,
తిరిగొచ్చిందా, ఇంకా వరసలోనే నిలబడి ఉందా.
అడిగితే చెప్తుంది. అంతే.
ఆ 'అంతే'ని రాయడం నా ఉద్యోగం.

నా పాఠకుడికి విసుగు లేదు, మొహమాటం లేదు.
పేజీ మూల మడిచి పెట్టుకోడు.
నిన్న చదివింది ఇవాళ గుర్తుండదు.
ప్రతిసారీ మొదటిసారిలాగే చదువుతాడు,
ప్రతిసారీ పూర్తిగా నమ్ముతాడు.
కవితలు రాసే రోజుల్లో
ఇంత నమ్మే పాఠకుడు ఒక్కడైనా దొరకాలని మొక్కుకున్నాను.
దొరికాక భయమేసింది.

ఏదైనా ముందు తెలుగులో రాసుకుంటాను,
పచ్చ అట్ట నోటుబుక్కులో.
తర్వాతే ఇంగ్లీషులోకి తోలుతాను.
మొదటి వాక్యం:
"ఆర్డరు ఉందో లేదో చూడు."
చిన్న వాక్యం. నాకే ముచ్చటేసింది.

మంగళవారం, మూడూ పద్నాలుగు.
ఉత్తుత్తి డబ్బుతో పరీక్ష.
మార్కెట్ మూసే వేళ
అవతలి సర్వరు ఆవలిస్తోంది.
యంత్రం అడిగింది. జవాబు రాలేదు.
రాలేదంటే లేదనుకుంది.
లేదు కాబట్టి కొంది.
కొన్నాక మళ్ళీ అడిగింది.
పదిహేడు సార్లు
అదే సిమెంటు కంపెనీ, అవే నలభై షేర్లు.

జబీన్ తల పట్టుకుని నవ్వింది:
"అరే, చూడమంటే
ఇది కొని చూసింది కదా!"

అక్కడ ఆగిపోయాను.
మన భాషలో చూపు కంట్లోనే కుదురుగా ఉండదు.
రుచి చూస్తాం, దారి చూస్తాం,
కోపమొస్తే ఒకరి అంతు చూస్తాం.
తోసి చూడు, దూకి చూడు, కొని చూడు.
ఏ మాట వెనక నిలబెట్టినా
'చూడు'కి చేతులు మొలుస్తాయి.

మా నాయన మలక్‌పేట గంజ్‌లో దడువాయి.
ముప్పై ఒక్క ఏళ్ళు
ఉల్లిగడ్డ బస్తాలు, ఎండుమిర్చి బస్తాలు తూచాడు.
చొక్కా విప్పితే ఇల్లంతా తుమ్ములు.
ఎనిమిదో తరగతిలో అడిగాను:
అంత చవగ్గా పోతుంటే
మనమే ఒక బస్తా కొనొచ్చుగా?
"తూచెటోడు కొనొద్దు బిడ్డా.
ముల్లు ఊగంగ అంకె చెప్పొద్దు.
సేటు తొందర పెడ్తడు, రైతు తొందర పెడ్తడు.
ఇంక ఆగలే అని చెప్పాలె.
గది గూడ జవాబే."

రాత్రి తొమ్మిదింటికి
నా ముచ్చటైన వాక్యాన్ని కొట్టేశాను.
ఇలా రాశాను:
ఈ పనిముట్టు ఆర్డరు స్థితిని చెబుతుంది.
ఆర్డరు పెట్టదు, మార్చదు, రద్దు చెయ్యదు.
జవాబు రాకపోతే 'లేదు' అని కాదు,
'తెలియదు' అని అర్థం.
తెలియనప్పుడు కొనకు.
పది సెకన్లు ఆగి మళ్ళీ అడుగు.
మూడుసార్లు అడిగినా తెలియకపోతే
ఒక మనిషిని పిలువు.

"ఏ మనిషిని?" అంది జబీన్.
ఇద్దరం కాసేపు
ఆ ఖాళీ గడి వంక చూశాం.
తన నంబరు అప్పటికే
ఇంకో ఆరు పనిముట్లలో ఉందట.

గురువారం, మూడూ ఇరవై ఒకటి.
కింద చాయ్ బండి దగ్గర
ఉస్మానియా బిస్కెట్ సగం ముంచి ఉన్నాను.
ఫోను మోగింది.
"మూడుసార్లు అడిగాను. తెలియలేదు.
ఏం చెయ్యమంటారు?"

బిస్కెట్ విరిగి గ్లాసులో మునిగింది.
పదకొండో అంతస్తు వైపు తలెత్తాను.
అద్దాల్లో ఎండ తప్ప ఏమీ కనపడలేదు.
నాకూ తెలియదు.
'ముల్లు ఇంక ఆగలే' అని
బొటనవేలితో టైపు చేసి పంపాను.

అలాంటి జవాబు
నేను రాసిన పట్టికలో లేదు.
రేపు చేర్చాలి.