నాలుగు శాతం

టైస్టో మూడు నోటుపుస్తకాలూ
చేపల సంచీలో వేసుకుని తెచ్చాడు.
తాతది సిరా, నాన్నది పెన్సిలు,
తనది బ్యాంకువాళ్ళు ఊరికే ఇచ్చే బాల్ పెన్ను.
ఏడాదికి ఒకటే వాక్యం:
టోర్నియో నదిలో మంచు ఫలానా రోజు కదిలింది.
తొంభై ఏళ్ళు, తొంభై వాక్యాలు.
ఒక్క చోట మాత్రం
"యుద్ధం. చూసినవాళ్ళు లేరు."

వాటిని చుక్కలు చెయ్యడం నా ఉద్యోగం.
కింద అడ్డంగా ఏళ్ళు, ఎడమన నిలువుగా తేదీలు,
చుట్టూ, ప్రోగ్రాం అడక్కుండానే గీసిచ్చే
నల్లటి పెట్టె.
ఎడమ అక్షం మీద తేదీలు పక్కకి ఒరిగి పడుకున్నాయి,
మెడ వంచితే గాని చదవలేం.
ఒక్క మాట టైపు చేసి లేపి నిలబెట్టాను.
అక్షం పొడుగునా చిన్న గీతలు
దువ్వెన పళ్ళలా బయటికి పొడుచుకొచ్చాయి.
లోపలికి తిప్పాను. బాగాలేదు.
మళ్ళీ బయటికి.
ఇలా ఒక పూట గడిచిపోతుంది,
దీనికి జీతం కూడా ఇస్తారు.

అవతలి ఒడ్డు స్వీడన్.
అక్కడి గడియారం గంట వెనక.
అర్ధరాత్రి దాటి అరగంటకి మంచు విరిగితే
ఇటు పదకొండో తేదీ, అటు ఇంకా పదే.
ఒకే మంచుపలక, రెండు చుక్కలు.
ఏది గీయను?
"నేను నిలబడ్డ ఒడ్డుది" అన్నాడు టైస్టో,
కాఫీలో జున్నుముక్క ముంచుతూ.
చిన్నప్పుడు ఆ మంచు మీదుగానే
కాఫీగింజలు నడుముకి కట్టుకుని
దొంగతనంగా దాటించినవాడు.
పొలిమేర అంటే ఆయనకి
కుక్క ఎటు మొరుగుతోందో వినడం.

యుద్ధం ఏడు దగ్గర గీత తెగింది.
కలపడం తేలిక, ఇరుగుపొరుగు ఏళ్ళ సగటు తీస్తే చాలు.
కలపలేదు.
ఊడిన పన్ను సందులా ఉండనిచ్చాను.

తర్వాత చుక్కలు లెక్కపెట్టాను.
ఎనభై తొమ్మిది ఉండాలి.
ఎనభై ఎనిమిది.
మళ్ళీ లెక్కపెట్టాను, వేలు తెరకి ఆనించి,
పప్పులో రాళ్ళు ఏరినట్టు.
ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక లేదు, తప్పని చెప్పిన నోరు లేదు.
పెట్టెకి బయట పడ్డదాన్ని
ప్రోగ్రాం గీయడం మానేసింది, అంతే.

కోడ్ నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న హిల్కాది.
నిలువు అక్షం మే ఒకటిన మొదలు,
ఆ వరస పక్కనే ఆమె రాసుకున్న మాట:
"ఇంతకంటే ముందు ఎన్నడూ కదలదు."
ఈ ఏడు ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన కదిలింది.
టైస్టో రాశాడు, తేదీ కింద రెండుసార్లు గీత కొట్టి.

అక్షాన్ని కిందికి దింపాను.
పైగీతా కుడిగీతా తీసేశాను,
ఎడమా అడుగూ మాత్రం ఉంచాను.
చుక్క వచ్చింది,
అందరికంటే కింద, ఒక్కతీ,
నీళ్ళు తాగడానికి ఒడ్డు దిగిన దూడలా.
హిల్కా మాట చెరపలేదు.
దాని కింద ఈ ఏటి సంఖ్య వేశాను.

కాగితం ముద్రించి చేతికిచ్చాను.
టైస్టో దాన్ని కిటికీ వైపు పట్టుకుని
నాన్న ఏళ్ళు ఎక్కడ మొదలయ్యాయో అడిగాడు.
తన ఏళ్ళు ఎక్కడివో అడగలేదు.
కుడివైపు కొసన, చివరి చుక్క దాటాక
కాస్త తెల్లగా ఉంది. అక్కడ వేలు పెట్టాడు.
"ఇదేమిటి, ఖాళీ?"

అది నేను వదిలింది కాదని చెప్పాను.
చుక్కలు గోడకి ఆనకుండా
రెండు కొసలా నాలుగేసి శాతం
యంత్రమే వదులుతుంది.
(పత్రికవాళ్ళు బిగుతుగా కావాలన్నారని
దాన్ని తీసేసే మాట టైపు చేసి ఉంచాను,
ఎంటర్ నొక్కలేదు. అది చెప్పలేదు.)

"నాలుగు శాతం అంటే ఎన్నేళ్ళు?"
"ఈ తొంభైకా? సుమారు మూడున్నర."

ఎనభై ఆరుకి మూడున్నర
పెదాలు కదిలిస్తూ కూడుకున్నాడు.
నోటుపుస్తకాలు సంచీలో పెట్టుకుని,
"అయితే పడవకి ఈసారి రంగు వేయిస్తాను" అన్నాడు.