వాన ముద్ర

డిసెంబరు పదిహేడు. ఒతారులో మంచు
మోకాలి దాకా.
కొట్టు ముందు మూడు మెట్లూ
పొద్దుటి నుంచి రెండుసార్లు ఊడ్చాను,
బేరం మాత్రం ఒక్కటీ తగల్లేదు.
గుడ్డిగుర్రానికి పళ్ళు తోమినట్టు
అరలో రబ్బరు స్టాంపుల దుమ్ము దులుపుతున్నాను.

వచ్చేది గుర్రం ఏడు.
అందుకే అరనిండా గుర్రాలు:
దౌడు తీసేవి, పళ్ళికిలించేవి,
టోపీ పెట్టుకున్నది ఒకటి.
దాన్ని ఎవరు కొంటారో
తెప్పించిన నాకే తెలీదు.

కువబార గారు
బూట్ల మంచు గుమ్మంలోనే దులిపి లోపలికొచ్చారు.
ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో
ఉత్తరాల మీద తేదీ కొట్టిన చెయ్యి.
రుమాలు మూట బల్లమీద విప్పారు:
పన్నెండేళ్ళ కిందట మా నాన్న అమ్మిన గుర్రం.
చెక్క పిడి నల్లబడింది.
రబ్బరు ఎండిన రొట్టె అంచులా బీటలిచ్చి
ముందు కాలొకటి ఊడిపోయింది.

"కొత్తది చూపించనా?" అన్నాను.
వ్యాపారం కదా.
ఆమె టోపీ గుర్రాన్ని చేతిలోకి తీసుకుని, నవ్వి,
దాని చోట దాన్ని పెట్టేశారు.
"నాకు గడ్డి కావాలి."
"గడ్డా?"
"కాలు లేని చోట కప్పడానికి.
గడ్డిలో నిలబడ్డ గుర్రాన్ని
నీ కాలేదీ అని ఎవరడుగుతారు?"

సొరుగులన్నీ లాగాను.
కొంగలు, విసనకర్రలు, ఎవరో వెనక్కిచ్చిన పిల్లి,
'సొమ్ము ముట్టినది' అని కొట్టే ఆఫీసు ముద్ర.
గడ్డి లేదు.

ఈలోగా ఆమె కార్డులు బయటికి తీశారు.
పాలడబ్బాలు నానబెట్టి, ప్లాస్టిక్ పొర ఒలిచి,
మిక్సీలో తిప్పి, జల్లెడమీద పరిచి,
స్టవ్వు పక్కన ఆరబెట్టిన కాగితం.
అంచులు ఏటి ఒడ్డులా వంకరటింకర.
ఒకదాని మూల
డబ్బా మీది ఆవు తోక నీలంగా మిగిలిపోయింది.
"ఇది సుగియేకి. దానికి వేళాకోళం ఇష్టం."

ఇరవై మూడు.
నేను లెక్కపెట్టడం చూశారు.
"పోయిన గుర్రానికి ఎనభై ఒకటి," అన్నారు
బియ్యం ధర చెప్పినట్టు.
తెలుసు. బూడిదరంగు అంచు కార్డులు కూడా
నవంబరులో నేనే అమ్ముతాను:
మా ఇంట్లో చావు, ఈసారికి శుభాకాంక్షలు వద్దు.
ఒక కార్డు అందితే ఆ ఏటికి ఒక పేరు ఆగుతుంది.
కొన్ని పేర్లు మళ్ళీ కదలవు.
మేలో మా నాన్న పోయాక
ఆ కార్డుల్లో ఒక కట్ట నేనే వాడుకున్నాను,
అసలు ధరకి.

ఆఖరికి జూన్ సొరుగు అడుగున దొరికింది
నాలుగేళ్ళుగా అమ్ముడుపోని వాన.
పక్కకి వాలిన పదకొండు గీతలు, అంతే.
మూడు వందల ఎనభై యెన్.
సిగ్గుపడుతూనే ముందు పెట్టాను.

కువబార గారు దాన్ని తలకిందులు చేశారు.
ఆకుపచ్చ సిరాలో రెండుసార్లు అద్ది
పాత రశీదు వెనక
ఒక్క దెబ్బ, ఒత్తి, నిటారుగా పైకి.
కింద సన్నగా మొదలై
పైకి చిక్కబడి ఒరిగింది
గాలికి గడ్డి.
అందులో కుంటి గుర్రాన్ని దించారు.
మేస్తున్నట్టుంది.

నేను బొత్తిగా మాటలు రాని మనిషిని.
"డిస్కౌంటు ఇస్తాను" అన్నాను.
"ఎందుకు, వాన పూర్తిగానే ఉందిగా" అని
చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చి
తలుపు దగ్గర ఆగి
"నీకు పండగ కార్డు రాయకూడదు కదూ" అన్నారు.
రాయకూడదు.

జనవరి నెలాఖరు.
పైకప్పు మంచు దభాలున జారిపడ్డ మధ్యాహ్నం
పోస్టులో ఒకటే కార్డు.
గుర్రం లేదు. శుభాకాంక్ష లేదు.
గరుకు కాగితం మీద పదకొండు గీతలు, నల్లసిరాలో,
తేదీ ముద్రలా సూటిగా కొట్టినవి.
వెనక నా పేరు, కొట్టు నంబరు, ఇంకేమీ లేదు.

గల్లాపెట్టె పక్కన నిలబెట్టాను.
కాసేపటికి తిప్పి నిలబెట్టాను.
సాయంత్రం పెన్సిలుకొచ్చిన పిల్లాడు అడిగాడు:
"ఇది వానా, గడ్డా?"
"ఆమె వస్తే అడుగుదాం" అన్నాను,
ఇంకోసారి తిప్పుతూ.