సెకనుకు ఐదు మీటర్లు

గ్యాసు నింపేటప్పుడు మాట్లాడకూడదని
ఎవరూ చెప్పలేదు. అయినా మాట్లాడను.
నియామే విమానాశ్రయం వెనక రేకుల షెడ్డులో
తెల్లటి రబ్బరు పొట్ట మెల్లగా ఉబ్బుతుంటే
ఆరో నెలలో మా చెల్లెలు హమ్సతు
గుమ్మం పట్టుకు నిలబడటం గుర్తొస్తుంది.

దారం చివర అరచేతిలో పట్టేంత డబ్బా.
దాని మీద నా చేతిరాతలో ఆఫీసు ఫోను నంబరు.
వదిలితే సెకనుకు ఐదు మీటర్లు లేస్తుంది.
అంతకు మించి లేచిందా,
ఆ మించినదంతా గాలిది.
దాన్ని రాసుకోవడానికే నాకు జీతం.

జూన్. గినియా సముద్రపు తడి
వెయ్యి కిలోమీటర్లు నేలబారున పాకి వచ్చి
మా చీలమండల దగ్గర ఆగింది.
పైన సహారా వేడిగాలి మూతేసి కూర్చుంది.
ఉడుకు.
షెడ్డు మీద గద్దలు మాత్రం
రెక్క కదపకుండా పైకెక్కుతున్నాయి.

నిన్నటి బుడగ మూత దాటింది.
ఐదు, ఏడు, పదకొండు.
ఇస్సూఫు టీ గ్లాసు కింద పెట్టాడు.
పద్నాలుగు!
అంతలో మంచు పట్టి, బరువెక్కి, సున్నా.
దిగడం మొదలెట్టింది.
ఎవరో తన్నినట్టు మళ్ళీ ఎగిరింది, మళ్ళీ దిగింది,
మేఘం దాన్ని చాటలో సజ్జల్లా చెరిగింది.
నేను రాశాను: పైకి. కిందికి. పైకి.

వాన మాత్రం మాదాకా రాలేదు.
మబ్బు అడుగున బూడిదరంగు పోగులు వేలాడి
సగం దారిలోనే ఆవిరయ్యాయి.
చినుకు చచ్చిన చోట గాలి చల్లబడుతుంది,
చల్లబడ్డది బరువు, బరువు నేలకే పోతుంది.
నేలకు కొట్టుకుని పక్కలకు చీలి
ఎర్రదుమ్ము గోడై మా మీద పడింది.
ఉతికిన బట్టలే మళ్ళీ ఉతుక్కున్నాం.

ఈ పొద్దున ఫోను.
"నేను గంబీనాని, బంగుకోయిరా నుంచి.
మీ డబ్బా నా చేలో పడింది.
దారం మేక తినేసింది, డబ్బా వదిలేసింది."
క్షమించమన్నాను.
"దానికేంలే. మొదటి విత్తు మాడిపోయింది,
రెండోది కుండలో ఉంది, అడుగున.
ఎంత ఎత్తుకు పోయిందమ్మా ఇది?"
పదహారు కిలోమీటర్లు, చెప్పాను.

కాసేపు మేక గంటే వినపడింది.

"అంత పైకి పోయి కూడా తిరిగొచ్చిందే!
నీళ్ళూ అటే పోయాయి కదా.
వాటి మీద ఎవరూ నంబరు రాయలేదా?"

దీనికి మా కాగితంలో గడి లేదు.
మధ్యాహ్నం బుడగకు గ్యాసు పట్టించి
డబ్బా మీద నంబరు
ఇవాళ కొంచెం ఒత్తి రాశాను.