ఐదువందల ఎనభై ఏడో రేవు

క్లాక్స్‌విక్‌లో పదకొండైనా దీపాలు ఆర్పలేదు.
వాన అడ్డంగా కురుస్తోంది.
చేపల గిడ్డంగి పైన, మేడమీది ఆఫీసులో
మూడు రోజులుగా
ప్రింటరు కాగితాన్ని మింగుతోంది, కక్కుతోంది,
మెయిల్ మాత్రం పోవడం లేదు.

"బిల్బావో వాళ్ళు అరుస్తున్నారు" అంది ఈదున్.
"ఎగుమతి పత్రాలు ఫోన్‌తో ఫొటో తీసి పంపుతున్నా,
వాటితో నా బొటనవేలు కూడా వెళ్తోంది."

కోటు విప్పకుండానే దాని ముందు కూర్చున్నా.
డాక్టరు నాలుక చాపమన్నట్టు
ట్రే బయటికి లాగి చూశా. అది మర్యాదకి.
రోగం అక్కడ ఉండదని నాకు తెలుసు.

కేబుల్ బాగుంది.
పిలిస్తే సర్వర్ పలుకుతోంది.
ఇన్నాళ్ళూ ఇది ఇరవై ఐదో రేవులో సరుకు దించేది,
నువ్వెవరని అడిగే నాథుడు లేడక్కడ.
దొంగలు మరిగారని పోయిన వారం ఆ రేవు మూసేశారు.
ఇప్పుడంతా ఐదువందల ఎనభై ఏడు.
పేరు చెప్పాలి, గుర్తు చూపాలి,
మూటకి ముడి వేసి మరీ అప్పజెప్పాలి.

కిటికీలోంచి అసలు రేవు కనిపిస్తోంది,
నీలం పడవొకటి ఖాళీగా ఊగుతూ.

అంకె మార్చాను. పేరిచ్చాను.
మళ్ళీ అదే ఎర్ర అక్షరాల మాట:
పంపలేకపోయాను.
ఎందుకో చెప్పదు,
తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

సరే, నీ చిట్టా నువ్వే అచ్చు వెయ్యమన్నా.
నాలుగు పేజీలు. చివరి పేజీ అడుగున తారీఖు:
రెండువేల తొమ్మిది, జనవరి ఒకటి,
తెల్లవారుజామున మూడు.

లోపలి నాణెమంత బ్యాటరీ ఎప్పుడు చచ్చిందో.
కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ
దీనికి పుట్టినరోజు తప్ప ఇంకేం గుర్తుండదు.
పాత రేవులో తారీఖు అడిగేవాళ్ళు లేక
ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు.
ఇప్పుడు సర్వర్ తన ధ్రువపత్రం తీసి చూపిస్తోంది,
ఇది వేళ్ళు లెక్కపెట్టుకుని
"ఈ కాగితం ఇంకా పుట్టలేదే!" అంటోంది.
ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు.

గడియారం సరిచేద్దామంటే తాళం అడిగింది.
తాళం మార్యున్‌కి తెలుసట.
మార్యున్ రిటైరై పక్క దీవిలో గొర్రెలు పెంచుతోంది.

మేనేజరు హోగ్ని స్పీకర్‌లో పెట్టి ఫోన్ చేశాడు.
గాలి. గొర్రెలు. తర్వాత ఆమె.
"స్పీకరు తీసెయ్. ఆ మెకానిక్కి ఇవ్వు."
ఒక్కో అక్షరం చెప్పింది, నవ్వు ఆపుకుంటూ:
"అన్నీ చిన్నక్షరాలే. గీత పడ్డ ఓ
ఆ బుల్లి కీబోర్డులో దొరకదు, మామూలు ఓ కొట్టు."

హోగ్నిమళ్ళీఆలస్యం.

పదకొండేళ్ళు దీన్ని తెరిచినప్పుడల్లా
ఆమె కొట్టిన ఫిర్యాదు ఇది.
నా భుజం మీదుగా వంగి చూస్తున్నాడు హోగ్ని.
తెరమీద వరసగా చుక్కలు,
చుక్కలకి భాష రాదు కాబట్టి బతికిపోయాం.
"పెద్ద పాస్‌వర్డే" అన్నాడు.
"గట్టిది" అన్నాను.
"మార్చమంటారా?"
గోడ గడియారం వైపు చూసి, "వద్దులే,
మార్యున్ పెట్టిందంటే ఆలోచించే పెట్టుంటుంది."

పదహారేళ్ళు ఒక్క నొక్కుతో దాటించా.
తెల్ల కాగితం గాజు మీద పెట్టా.
వెలుగు ఇటునుంచి అటు నడిచింది.
ఈదున్ కంప్యూటరు టింగుమంది.

తెరిచి చూస్తే తెల్ల పేజీ, కొంచెం ఏటవాలుగా,
కుడి మూలన బూడిదరంగు చుక్క.
మూత ఎత్తి చూశా.
కాడ్ చేప పొలుసు, గాజుకి అతుక్కుని ఎండిపోయింది.
గోటితో గీకబోతే ఈదున్ చెయ్యి పట్టుకుంది.
"ఉండనివ్వు. ఆ చుక్క లేకపోతే
బిల్బావోలో మన కాగితం కాదనుకుంటారు."

జేబులోంచి బిల్లు పుస్తకం తీశా.
లోపం అన్న గడిలో 'కాలం' అని రాసి,
బాగాలేదని కొట్టేసి, 'గడియారం' అని రాశా.
అదే గాజు మీద పెట్టి హోగ్నికి పంపా.
నా సంతకం పక్కన
పొలుసు.