ఆగినకాడల్లా కామా

మార్చి ముప్పై ఒకటి. ఖైరతాబాద్ ఆఫీసు, మూడో అంతస్తు.
ఏసీ చచ్చి వారం.
విద్యాధర్ సార్ అడిగింది ఒక్కటే:
"ట్యాంకర్ బుక్ చేసినోళ్ల ఫోన్ నంబర్లు తియ్యి.
మిగతాదంతా మనకొద్దు."

నల్ల తెర తెరిచిన.
కట్, మైనస్ డి, కామా, మైనస్ ఎఫ్, నాలుగు.
ఆదివారం రాంనగర్ చేపల మార్కెట్ల
కత్తిపీట ముందు కూసున్నామె అడిగినట్టే ఉంటది ఇది:
తల కావాల్నా, తోక కావాల్నా,
నడిమి ముక్కలేనా?

నలభై ఒక్క వేల వరుసలు జారినయి.
నంబర్లు, నంబర్లు,
ఉన్నట్టుండి: పాత ఉప్పు గోదాం ఎనక.
మళ్లీ నంబర్లు.
పచ్చ గేటు.
కుక్క ఉంది జాగ్రత్త.

ఈ ఊళ్ల ఇంటి నంబరొక్కటే ఇస్తే చాలని ఎవ్వరూ నమ్మరు.
పదిహేడు డ్యాష్ ఒకటి డ్యాష్ మూడొందల ఎనభై రెండు బై ఏ
అని చెప్పి, ఆగి,
సైదాబాద్ అని, ఆగి,
మజీద్ సందు అని, ఆగి,
రేకుల షెడ్డు పక్కపొంటి రాండ్రి అంటరు.
ఆగినకాడల్లా కాల్ సెంటర్ పిల్ల ఒక కామా కొట్టింది.
నాలుగో గడిల ఉండాల్సిన నంబరు
సిటీ బస్సుల మనిషి జరిగినట్టు
ఆరుకో ఏడుకో జరిగింది.

అయితే చివరికెళ్లి లెక్కపెడదాం అనుకున్న.
ఆక్‌కు చెప్పిన: గడులెన్నున్నా సరే, ఆఖరుకెళ్లి...
ఒకటి తీసెయ్యడం మరిచిన.
నంబర్ల బదులు రిమార్కులొచ్చినయి.

రాలే.
రాలే.
బాలింత ఉంది.
రాలేదు.
నహీ ఆయా.
పైసలు వాపస్ ఇయ్యుండ్రి.
రాలే.

కీబోర్డు మీద నిలువు గీతను పైపు అంటరు.
మా డిపార్టుమెంట్ల లీకు లేని పైపు అదొక్కటే.
అండ్లకెళ్లి సార్ట్‌లకు, సార్ట్‌లకెళ్లి యూనిక్‌లకు వదిలిన.
'రాలే' ఆరువేల రెండొందల పన్నెండు.
'రాలేదు' వేరే లెక్క. 'నహీ ఆయా' ఇంకో లెక్క.
అందరిదీ ఒకటే మాట, మిషిన్‌కు మూడు.
అట్టడుగున, ఒకే ఒక్కసారి: వద్దు లే.
ఎవరని గ్రెప్ కొడితే అండాళు,
ఆ సైదాబాద్ రేకుల షెడ్డు పక్కనే.
పదకొండు బుకింగులు.

ఒకటి తీసేసి మళ్లీ నడిపిన. నంబర్లు సక్కగ వచ్చినయి.
పంపిన. "గుడ్" అని జవాబొచ్చింది.
రిమార్కులను వేరే ఫైల్ల పోసిన.
ఏం పేరు పెట్టాల్నో తెల్వలే, తారీఖు పెట్టిన.

కింద ఆటో ఆయన "ఏడికి?" అన్నడు.
అంబర్‌పేట అన్న, ఆగిన.
ఆరో నంబరు దాటినంక అన్న, ఆగిన.
ఇల్లు ఇంకా చెప్పనేలేదు,
ఆయన గేరేసిండు.