అర నిమిషం వెనుక

కొత్తవాడల మా మిద్దె మీద
రేకుల అర్ర.
అమ్ముడుపోని జంపఖానాలు పదకొండు
గోడలకు మేకులు కొట్టి వేలాడదీసిన.
చప్పట్లు కొట్టి చూసిన.
తిరిగి రాలేదు చప్పుడు.
రెండేండ్లు బేరం కాని సరుకు
ఒక్క పూటల పనికొచ్చింది.

వెబ్‌సైటు అసలు వాటికోసమే పెట్టింది.
ఎర్ర అంచుది ఇంత, నీలం చారలది ఇంత అని
ఫొటోలు, ధరలు, కింద నా ఫోన్ నంబరు.
మూడు పోయినయి.
నాలుగోది కొన్నాయన రంగు వెలిసిందని తిప్పి పంపిండు.
అదే ఇప్పుడు తలుపుకు అడ్డం కట్టిన,
అన్నిటికన్న మందం.

మండిబజార్ల సెల్‌ఫోన్లు బాగుచేసే తౌఫీక్
ఒక ఆదివారం వచ్చి కూసున్నడు.
"దుకాణం నడవకపోతే రేడియో పెట్టన్నా,
నెలకు నూట ఎనభై, చాయ్ ఖర్చు."
పాత కంప్యూటర్ల ఏందేందో ఎక్కించిండు,
మైకుకు మా పిల్ల మేజోడు తొడిగిండు,
ధరల పట్టీ మీద గుండ్రటి బొత్తాం ఒకటి పెట్టి
"ఒత్తు, ఇగ నువ్వే" అన్నడు.

ఒత్తిన.
"ఇది కొత్తవాడ రేడియో" అన్న.
ఫోను చెవికి పెట్టుకొని ఎదురుచూసిన.
ఏం లేదు.
గొంతు సవరించుకుంటుంటే
"ఇది కొత్తవాడ రేడియో" అన్నడు ఎవడో
నాకంటె ఎక్కువ భయపడ్డోడు.
అర నిమిషం పడుతదట
ఈ అర్రల మాట ఈ అర్రకే రావడానికి.
ఏ సముద్రం దాక పోయి మర్లి వస్తదో.
కింద నుంచి స్వరూప తిట్టిన తిట్టు గూడ
ఆ రోజు నాకు రెండుసార్లు పడ్డది.

వింటున్నవాళ్లు: ఒకరు.
ఆ ఒకరు నేనే.

సినిమా పాటలు వెయ్యొద్దన్నడు తౌఫీక్, హక్కులుంటయట.
ఇగ ఏమెయ్యాలె?
ఎనుమాముల మార్కెట్ల మిర్చి ధర చదివిన.
కరెంటు ఎప్పుడు పోతదో చెప్పిన,
పోయినంక చెప్పలేకపోయిన.
కాజీపేట దిక్కు గూడ్సు కూత ఇనిపిస్తే
"ఇనున్రి" అని ఊకున్న.
వాన పడ్డనాడు రేకులే మొత్తం కార్యక్రమం.
ఒకరు. అప్పుడప్పుడు ఇద్దరు.
రెండో మనిషి తౌఫీక్.

ఆ రాత్రి బొత్తాం ఆపుడు మర్చి కిందికి దిగిన.
తలుపు జంపఖానాను స్వరూప పొద్దున్నే ఎండకేసింది,
తియ్యలేదు.
రొట్టె తిన్న. చేతిల ఆర్డరు ఒకటున్నది,
మగ్గంల కూసున్న.

పదిన్నరకు ఫోను. కొత్త నంబరు.
"ఆపినవేందన్నా?"
ఏంది ఆపింది?
"మగ్గం."

చిప్ప రాజలింగం, భీవండి నుంచి.
పరకాల దిక్కు ఊరట.
ఇరవై రెండేండ్లు పన్నెండు పవర్‌లూముల నడుమ
నిలబడి నిలబడి కుడి చెవి పోయింది.
డ్యూటీ దిగినా నిద్ర పట్టక
ఫోన్ల కొత్తవాడ అని కొట్టి చూసిండట, ఊకెనే.
"ఎడమ చెవికి పెట్టుకొని ఇన్న.
నాలుగు పోట్లకొకసారి నీ నాడె తడబడుతాంది.
కుడి దిక్కు తాడు చూసుకో."

లాంతరు పట్టుకొని చూసిన.
మూడు పోగుల మీద ఆగి ఉన్నది.

ఇగ రోజూ ఎనిమిదింటికి.
ముందు మిర్చి ధర, అది అలవాటైంది.
మొన్న తొమ్మిది మంది, నిన్న ఏడుగురు.
ఎవరో తెల్వదు. ఎవరూ మాట్లాడరు.
జంపఖానా ఒక్కటి గూడ అమ్ముడుపోలే.
రాజలింగం ఒక్కడే ఫోన్ చేసి ఒక్కటే అడుగుతడు:
"ఇయ్యాల ఏ రంగు?"
రేడియోల రంగు కనపడదు గద.

ఇది కొత్తవాడ రేడియో.
ఇయ్యాల పేక నీలం.
అంచు ఏదో ఇంకా అనుకోలే.
తలుపు తీసి పెట్టి
కిందికి దిగుతున్న.
అర నిమిషం ఆగున్రి.