ఏసీ ఆపిన మధ్యాహ్నం

సొహార్‌లో మే నెల. బయట తారు మెత్తబడుతోంది.
స్కూలు ఇండోర్ హాల్లో
నేల మీద సన్నతాడు పరిచి
దాని మీద టేపు అంటించాను.
వలలు అమ్మే దుకాణంలో కొన్న తాడు.
"గీత కనబడుతోంది కదా సార్, తాడెందుకు?" అంది నిఖిల.
"కనబడనివాళ్లకి" అన్నాను.
అంతకు మించి పాఠమేదీ సిద్ధం చేసుకోలేదు.

ముంధిర్ తన జట్టుతో వచ్చాడు,
ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని.
మా తొమ్మిదో తరగతికి ఎక్కడలేని మంచితనం పుట్టుకొచ్చింది.
కుర్చీలు జరిపారు, నీళ్లందించారు.
జిబిన్ నా చెవిలో, "ఒకటి రెండు గోల్స్ వదిలేద్దామా సార్?"
ముంధిర్ నవ్వాడు.
అతని దగ్గర గుసగుసలు చెల్లవు.

అందరి కళ్లకీ గంతలు.
బంతి కడుపులో గజ్జెలు.
నట్టింట కరెంటు పోయినట్టు
మా పిల్లలు చేతులు చాచి ఉన్నచోటే నిలబడిపోయారు.
అవతల, కాలి బొటనవేలితో తాడు తడిమి
ముంధిర్ తన చోట తాను వంగి కూర్చున్నాడు.
"మాస్టర్, ఏసీ కట్టేయండి" గల్ఫు హిందీలో అన్నాడు,
"ఈ హోరులో నాకు చూపు ఆనడం లేదు."

కట్టేశాను.
పదేళ్లలో మొదటిసారి ఆ హాలు నోరు మూసుకుంది.
చెమట గంతల కిందికి దిగింది.
గజ్జెలు వచ్చాయి, ఎటునుంచో,
మా వెనక్కి వెళ్లిపోయాయి.
ఒకటి. మూడు. ఏడు.
వదిలేద్దామనుకున్న గోల్స్ వీటిలో ఏవో
జిబిన్‌కే తెలియలేదు.

స్కోరు రాస్తున్నది హవీష్.
క్రికెట్టయినా ఖోఖో అయినా మూడేళ్లుగా వాడే.
కాలిపర్ వేసుకున్న పిల్లాడికి అది తగిన పని అని
నేనే తేల్చేశాను, వాణ్ని అడక్కుండానే.
ముత్యాల్లాంటి రాత.
రిజిస్టరు నిండా ఇంకొకళ్ల పరుగులు.

"సార్, ఇది పడుకుని ఆడే ఆటే కదా?"
నేను తలెత్తేలోగా
బెల్టులు ఊడుతున్న చప్పుడు.
గంతలన్నీ అటు తిరిగాయి.
కాలిపర్‌ని గోడకి ఆనించి
పాక్కుంటూ వచ్చి, తాడు తడుముకుని, పక్కకి వాలాడు.

బంతి వచ్చింది.
వాడి పక్కటెముకలకి తగిలింది.
గజ్జెలు ఆగాయి.
చప్పట్లు లేవు, ఈ ఆటకి చప్పుడు పనికిరాదు.
ముంధిర్ మాత్రం నియమం మీరి,
"ఎవడ్రా కొత్తవాడు? ఈసారి గట్టిగా వేస్తా" అన్నాడు.
వేశాడు. గోల్.
మోచెయ్యి దోక్కుపోయి
హవీష్ నేల మీద పడి నవ్వుతున్నాడు.

పదకొండు, సున్నా.
రిజిస్టరులో ఆ చివరి నాలుగూ
నా వంకరటింకర రాతలో ఉన్నాయి.